పసుపు రాయి మీద ఎర్రగీత

"యమునా, మన బ్రిడ్జి బతికింది!" అని రమాకాంత్ ఫోన్‌లో అరిచినప్పుడు నా రెండు చేతులకూ మామిడికాయ తొక్కు కారం, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని "ఒట్టు?" అంటే, "నీ మీద ఒట్టు, కూలగొట్టుడు క్యాన్సల్, రిపేరుకు మంజూరైంది, పని మా కాంట్రాక్టర్ రాంప్రసాద్ సార్‌కే వచ్చింది, సైట్ ఇంచార్జి ఎవలనుకున్నవ్, నీ మొగుడే!" అన్నాడు, నేను కారం చేతుల్తోనే వంటింట్లో ఒక చుట్టు తిరిగాను, గాజులు గలగలమన్నాయి, వెల్లుల్లి ఒలుస్తున్న మా అత్తమ్మ కట్టమ్మ తలెత్తి "ఏందే పిల్లా, పూనకమచ్చిందా" అంది, "శుభవార్త అత్తమ్మా!" అన్నాను, ఆమె చేతిలో వెల్లుల్లి జారిపోయింది, "అప్పుడేనా? పెండ్లి పందిరి గుంజలు పీకిన గుంతలే ఇంక పూడలే!" అంది, అంతే, ఇద్దరం నవ్వలేక చచ్చాం, నవ్వుతూ కన్ను తుడుచుకొని కంట్లో కారం కొట్టుకున్నాను, ఏడుస్తూ నవ్వుతూ కుళాయి కింద మొహం పెట్టాను. ఎంత సంతోషమది. పెళ్లయిన ఈ నెలలో దేనికి సంతోషపడలేదు గనక, గోడకు కొట్టిన కొత్త మేకుకు నా చున్నీ, అతని షర్టు ఒకదాని మీద ఒకటి వేలాడితే సంతోషం, ఇంటి తాళంచెవుల్లో ఒకటి నాకంటూ ఇస్తే సంతోషం. కానీ ఇది వేరు. "పొద్దుమూకే యాళ్లకు బ్రిడ్జి మీదికి రా, మిర్చీలు తెస్త, నీకో సర్‌ప్రైజ్ ఉంది" అన్నాడు.

సర్‌ప్రైజ్. ఆ సర్‌ప్రైజ్‌ను మిక్సర్లో వేసి తిప్పాలి.

ఇప్పుడు అదే బ్రిడ్జి పిట్టగోడ మీద కూర్చున్నాను, పొద్దు వంగుతోంది, అతను రాలేదు, రాకపోవడమే అతనికి మంచిది. ఇంటి నుంచి వచ్చేటప్పుడు నడకలో ఎంత హుషారు, పసుపుపచ్చ చీర కట్టుకొని, కాలి మట్టెలు కొత్తవి కాబట్టి రాతి పలకల మీద టక్ టక్ మంటుంటే ఆ చప్పుడు వినడానికే ఇంకొంచెం గట్టిగా అడుగులేస్తూ, పక్కనే కొత్త సిమెంటు బ్రిడ్జి మీద బస్సులూ లారీలూ హారన్లు కొట్టుకుంటూ పోతుంటే, పోండి పోండి, మీకు మీ బ్రిడ్జి ఉంది, నడిచేవాళ్లకూ మా స్కూటర్లకూ మా కమాన్ల బ్రిడ్జి ఉంది అనుకుంటూ వచ్చాను. ఈ నాలుగు రాతి కమాన్లు లేకపోతే ఇటు దిక్కు మనుషులకు చిరునామా లేదు. కండక్టర్ "కమాన్ల కాడ దిగేటోళ్లు" అంటాడు, గ్యాస్ బండి అతను "కమాన్లు దాటినంకనా, ముందటనా" అంటాడు, మా పెళ్లి కార్డు మీద కూడా ఇంటి నంబరు తప్పు పడింది గానీ "కమాన్ల బ్రిడ్జి పక్కన" అన్నది సరిగ్గానే పడింది, పరకాల నుంచి వచ్చిన చుట్టాలందరూ దాన్ని పట్టుకొనే వచ్చేశారు. రోడ్డు వెడల్పు కోసం దీన్ని కూలగొడతారట అన్నప్పటి నుంచి అత్తమ్మ గిన్నె గట్టిగా కింద పెట్టని రోజు లేదు. అటువంటిది బతికింది. బతికిందని చూద్దామని వచ్చాను. ఏం చూశాను?

గోడ మొదట్లో గోనెపట్టా వేలాడుతోంది. కింద టార్పాలిన్ కప్పిన సిమెంటు బస్తాలు. కొత్త బట్టల మూట ముందు కూర్చున్న పిల్లలా నేనే ఆ గోనెపట్టా ఎత్తాను. వెనక రాయి లేదు. మనిషి నిలువెత్తు మేర నున్నటి సిమెంటు, దాని మీద ఇటుక రంగు, ఆ రంగు మీద తెల్లగీతలు, నిలువూ అడ్డమూ, ఏంటవి అని దగ్గరకు పోయి చూస్తే, రాళ్లు! రాళ్ల బొమ్మలు! నిజం రాళ్ల మీద సిమెంటు పూసి, ఆ సిమెంటు మీద స్కేలు పెట్టి రాళ్లు గీశారు. బంగారు గాజుకు పైన బంగారు రంగు వేసినట్టు. ముందు నవ్వొచ్చింది, ఒట్టు, మా అత్తమ్మకు చెబితే పడీ పడీ నవ్వుతుంది అనుకున్నాను, ఎవడో తలకాయ లేని వాడు చేశాడు, రమాకాంత్ రాగానే గీకించేస్తాడు అని కూడా అనుకున్నాను. అప్పుడే ఫోన్ టింగుమంది. ఒక బొమ్మ. బ్రిడ్జి మొత్తం ఇటుక రంగు, మీద తెల్లగీతల రాళ్లు, కమాన్ల చుట్టూ నీలం లైట్లు, ఈ చివర పెద్ద ఎర్ర గుండె, గుండె ముందర సెల్ఫీ దిగుతున్న ఒక జంట. కింద రమాకాంత్ రాత: "ఎట్లుంది మేడం? డిజైన్ నాదే. ఆ జంట మనమే. గోడకు వేసిన నమూనా పొద్దున ఆఫీసర్లకు మస్తు నచ్చింది, దాన్ని చూసే మంజూరు చేసిన్రు." దాని వెనక గుండెలు, వరసగా, ఎర్రగా.

డిజైన్ నాదే. రాత్రిళ్లు ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చొని, నేను పోతే టక్కున మూసి "సర్‌ప్రైజ్" అని నవ్వింది దీనికా, నేను చాయ్ పెట్టిచ్చింది దీనికా, అల్లం దంచి మరీ వేశానే, మెడ నొప్పంటే నూనె రాశానే, రాస్తూ రాస్తూ ఇతని మెడ వెనక ఈ పుట్టుమచ్చను ఇంత దగ్గరగా చూసే హక్కు నాకొక్కదానికే ఉంది కదా అని మురిసిపోయానే! ఆ నూనె వెనక్కి తీసుకునే మార్గం ఉంటే బాగుండు. ఇంకెవరైనా గీసి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. తెలియనివాడు కాదు ఇతను. తెలిసినవాడు. ఎంత తెలిసినవాడంటే నాకు నేర్పినవాడు.

హసన్‌పర్తి కాలేజీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు, సివిల్ వాళ్లను ఇద్దరిద్దరిని జత చేస్తే నాకు ఇతను పడ్డాడు, అప్పటికి నాకు ఇతని గురించి తెలిసిందల్లా కాంటీన్‌లో ఎవరి ప్లేటు ముందున్నా ఉల్లిపాయలు తీసుకు తింటాడని. పాత కట్టడం ఒకటి కొలవాలన్నారు. అందరూ కోటకో గుడికో ఉరికారు, ఇతను మాత్రం "మా ఇంటి కాడ బ్రిడ్జి ఉంది, దాన్ని ఎవలూ కొలవలే" అన్నాడు. ఎండల్లో వాగులోకి దిగి, నీళ్లు మడమల దాకే ఉండేవి, టేపుకు ఆ కొస అతను ఈ కొస నేను, కమాను కింద నిలబడి "రాసుకో" అని అతనంటే ఆ మాట కమానుకు తగిలి రెండుసార్లు వినిపించేది, రాసుకో, రాసుకో. ఒకసారి నా పేరు పిలిచాడు, ఊరికే, కొలత ఏమీ లేదు, పేరు మటుకే, అది కూడా రెండుసార్లు వినిపించింది. ఆ రోజు టేపు కొస వదిలేశాను నేను, సర్రున చుట్టుకుపోయి అతని బొటనవేలు కోసింది. రాళ్ల సందుల్లో ఉన్నది డంగు సున్నమని, సిమెంటు కాదని, ఆ సున్నం తడిని పీల్చుకొని మళ్లీ ఎండకు వదిలేస్తుందని, అందుకే ఎన్ని వానలు తాగినా ఈ గోడ గట్టిగా ఉందని, దీని మీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కి సున్నాన్ని తినేస్తుందని, పైకి కొత్తగా కనిపిస్తూనే లోపల గుల్లవుతుందని సెమినార్‌లో నిలబడి చెప్పింది ఎవరు? కోసుకున్న బొటనవేలికి పట్టీ వేసుకొని, ఆ వేలు తెర మీదికి చూపిస్తూ చెప్పింది ఎవరు? "నోరు మూసి ఊపిరి తియ్యమన్నట్టే" అన్నాడు. ఆ మాటకే పడిపోయాను నేను. నన్ను పడగొట్టిన మాటను ఉద్యోగంలో చేరగానే ఎక్కడ పెట్టి మరిచిపోయాడు, బండి డిక్కీలోనా?

ఎవరో అమ్మాయిలు సెల్ఫీ దిగుతున్నారు అటు చివర. పాత రాళ్ల ముందరే దిగుతున్నారు, గుండె లేకుండానే. చూశావా, అనాలి అతన్ని. కుంకుడురసం రంగు నీళ్లలో తెల్లకొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది, ఎంత ముద్దుగా ఉంది, ఛీ, కోపంగా ఉన్నప్పుడు కూడా నాకు కొంగలు కనబడతాయి. ఈ ఊళ్లో ఆటో మీద రాతి తోరణం బొమ్మ, మిఠాయి డబ్బా మీద బొమ్మ, స్కూలు గేటు మీద బొమ్మ, బొమ్మంటే అంత ప్రాణం మనకు, అసలు రాయి ముందర నిలబడితే మాత్రం చేయి దురద పెడుతుంది, పూద్దామా, రంగేద్దామా, లైటు పెడదామా అని. పెళ్లిలో నాకు మొహం తయారుచేసిన శోభారాణి అక్క కూడా ఇట్లాగే, పూసి పూసి చివరకు మా అమ్మే నన్ను పోల్చుకోలేక "పిల్లేది?" అంది. అందుకే అత్తగారింటికి వచ్చే దారిలో కారులోనే తడి గుడ్డతో మొత్తం తుడిచేశాను, బ్రిడ్జి దగ్గర నా మొహంతో నేనే దిగాలని.

ఇటు దిక్కు ఇళ్లకు కోడలుగా వచ్చే పిల్ల బండి దిగాల్సిందే, ఎంత పెద్ద కారైనా సరే, చెప్పులిడిచి బ్రిడ్జి నడిచి దాటాల్సిందే. దాటాక ఈ చివర, గోడ మొదట్లో ఉన్న పెద్దరాయి దగ్గర అత్త తడిపిన పసుపు గిన్నె పట్టుకొని నిలబడుతుంది. పిల్ల కుడిచేయి ముంచి రాయి మీద అచ్చు వేస్తుంది. అది ఆరేదాకా ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే ఆ కాపురాన్ని చెరిపినట్టే అని. బ్యాండు ఆగిపోతుంది, బండ్లు ఆగిపోతాయి, అంతా ఊరికే నిలబడతారు, కొత్తకోడలు చేయి ఆరేదాకా. నా చేయి వేసినప్పుడు మబ్బు పట్టి ఉంది, ఎంతకూ ఆరదు, డీజే కుర్రాళ్లు ఆవలిస్తున్నారు, రమాకాంత్ నా చెవిలో "నీ చెయ్యి కూడా నీలెక్కనే మొండిది" అన్నాడు, నవ్వాపుకోలేక నా ముక్కులోంచి వింత చప్పుడొచ్చింది, అత్తమ్మ గుడ్లురిమింది, ఆ తర్వాత తను కూడా నవ్వింది. ఆ రాయి మీద నా చేయి కింద అత్తమ్మ చేయి ఉంది, ఆమె కింద ఆమె అత్త చేయి, పైకి కనిపించవు గానీ రాయే ముదురు పసుపు రంగుకు తిరిగిపోయింది. పక్కింటి తాహెరా బేగం చాచీ చేయి కూడా అందులోనే. అడిగితే, "హల్దీ మాకు సుత ఉంటది గద బిడ్డా, మీ చాచాతోని నడుసుకుంట వచ్చి నేను సుత ఏసిన, అప్పుడు నా చెయ్యి ఎంతుండె, గింతుండె" అని చూపించింది, ఇప్పుడు లడ్డూలా ఉంది ఆ చేయి.

ఇప్పుడు ఆ రాయి మీద ఎర్ర పెయింటుతో గీత. నమూనా సిమెంటు ఎక్కడ ఆగిందో అక్కడ మొదలై, పసుపు మీదుగా సూటిగా, అవతలి అంచు దాకా. బొమ్మలో గుండె వచ్చే చోటు ఇదే. నా చేయి మీదుగా. అచ్చులో చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య నుంచి పోయింది గీత. వేలు పెట్టి చూశాను, పెయింటు ఆరిపోయింది, గోరుతో గీకాను, గోరు విరిగింది, మెహందీ ఇంకా పోని గోరు, మొత్తం పెళ్లిలో విరగని గోరు. అప్పుడు వచ్చింది అసలు కోపం. కడుపులోంచి. నేను ఇట్లా ఉంటానని నాకే తెలియదు, అందరూ నన్ను నవ్వులపిల్ల అంటారు, నవ్వులపిల్ల పళ్లు ఇప్పుడు ఒకదాని మీద ఒకటి నూరుకుంటున్నాయి, చప్పుడు నాకే వినిపిస్తోంది.

బస్తాల మీద టార్పాలిన్ సరిచేస్తున్న మేస్త్రి వెంకటయ్య నన్ను గుర్తుపట్టి తలకు చుట్టిన తువ్వాల తీశాడు.

"ఏం బిడ్డా, సారు ఇంక రాలేదా?"

"రాలే మేస్త్రీ. ఈ రాయి కూడా పూస్తరా రేపు?"

"ఫస్టు దీన్నే అన్నరు. శుక్రవారం గద, మంచిదని." రాయి వంక చూడకుండా బస్తాల వంకే చూశాడు. "మా ఇంటామె చెయ్యి సుత ఉన్నది దీని మీద. పొద్దుగాల చెప్పిన, గిట్ల పూస్తున్నమే అని. అన్నం పెట్టలే. ఉట్టి చేతులతోని వచ్చిన."

"మరి ఎట్ల పూస్తవ్?"

"ఎండిన రాయే గదా బిడ్డా. తడి ఉన్నప్పుడైతే నా తాపీ లేస్తదా? నా ఒక్కనిదే కాదు, మావోళ్లు ఎవ్వలిదీ లేవదు. ఎండినంక గది రాయే." అని, టార్పాలిన్ కొస లాగి, "రాయే అనుకోవాలె" అన్నాడు. తువ్వాల మళ్లీ చుట్టుకొని పోయాడు.

ఎండినంక. ఆ మాట నాలో ఎక్కడో పడి, వాగులో రాయి వేసినట్టు, పడిన చప్పుడు వెంటనే రాలేదు. తడి ఉన్నప్పుడు ఎవరూ ముట్టరు. ఆరేదాకా ఎవరూ ముట్టరు. కోపంలో మనిషికి తెలివి పోతుందంటారు, నాకు మాత్రం అప్పుడే మెల్లగా వెలుగుతోంది, కమాను కింద పిలిచిన పిలుపులాగా రెండోసారి ఇంకా బాగా వినిపిస్తోంది. ఆరేదాకా. ఆరకపోతే?

బండి చప్పుడు. దూరం నుంచే తెలుస్తుంది, సైలెన్సర్ బాగుచేయించమని చెప్పీ చెప్పీ. హ్యాండిల్‌కు మిర్చీల పొట్లం వేలాడుతోంది, షర్టు మీద చట్నీ మరక, ఆగలేక దారిలోనే ఒకటి తినేశాడన్నమాట, ఆ మరక చూసి నవ్వొస్తోంది, నవ్వను, చచ్చినా నవ్వను. బండి ఆపీ ఆపకముందే, "ఎట్లుంది మేడం సర్‌ప్రైజ్?" అన్నాడు.

నేను గోనెపట్టా ఎత్తిపట్టుకొని నిలబడ్డాను. అతని మొహంలో హుషారు కొంచెం కొంచెం దిగింది.

"నోరు మూసి ఊపిరి తియ్యమన్నట్టే, ఎవలన్నరు ఆ మాట?" అన్నాను.

"యమునా, విను జర."

"ఎవలన్నరు?"

"నేనే." హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "సున్నం పని పెడదాం సార్ అని ఫస్టు నేనే అడిగిన. సర్కారు రేట్ల పట్టీల సున్నానికి రేటే లేదు, సిమెంటుకు రేటు ఉంది అన్నడు రాంప్రసాద్ సార్. ఇంక మాట్లాడితే నన్నే పనిల నుంచి పీకేస్తనన్నడు. కూలగొట్టుడు కంటే నయం గద అనుకున్న. నేను గియ్యకుంటే ఇంకోడు గీస్తుండె, వాడైతే కమాన్లకు సుత టైల్స్ ఏస్తుండె. నేను కనీసం మనిద్దరి బొమ్మ పెట్టిన."

"బొమ్మ పెట్టినవ్. చెయ్యి చెరిపినవ్." ఎర్రగీత మీద నా విరిగిన గోరు పెట్టి చూపించాను. "ఇది ఎవలదో చూడు. దీని కింద మీ అమ్మది. గుండె పెట్టనీకె ఇంక జాగనే దొరకలేదా నీకు?"

చూశాడు. గీత ఏ వేళ్ల మధ్య నుంచి పోయిందో అప్పుడే చూసినట్టున్నాడు. "లేజర్‌తోని కొలిచి గీసిన, స్ట్రెయిట్‌గ వచ్చిందని సంతోషపడ్డ" అన్నాడు, చిన్నపిల్లాడిలా, నిజంగానే, ఇందులో నాటకం లేదని తెలుసు నాకు, ఒకప్పుడు టేపుతో కొలిచేవాడు, టేపుకు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి, లేజర్‌కు అక్కర్లేదు, అదే అనేశాను, అనగానే అతని బొటనవేలు దానంతట అదే ముడుచుకుంది, ఆ పాత గీత ఉన్న వేలు. నా కోపం ఎక్కడికీ పోలేదు. కానీ పొట్లంలో మిర్చీలు చల్లారిపోతున్నాయి, ఆకలేస్తోంది, కోపానికి కూడా ఆకలేస్తుందని ఎవరూ చెప్పలేదు నాకు. ఒకటి తీసుకొని కొరికాను. కారం. ఇంకో కొస అతనికిచ్చాను. ప్రేమతో కాదు. నోట్లో ఏదో ఒకటి ఉంటే నేను చెప్పబోయేది మధ్యలో అడ్డురాకుండా వింటాడని.

"ఇగో, మంచిగ విను. పొద్దుగాల మీ మిక్సర్ రాకముందే నేను మీ అమ్మ ఈడ ఉంటం. తాహెరా చాచీకి, మేస్త్రి ఇంటామెకు ఇప్పుడు పోతపోత చెప్తం. వాళ్లు ఇంకిద్దరికి చెప్తరు. ఈ రాయి మీద ఎంతమంది చెయ్యి పెట్టిన్రో అంతమంది ఒక్కలెనక ఒక్కలు మళ్ల పెడ్తరు. ఒకలది ఆరకముందే దాని పక్కపొంటి ఇంకొకలు. రాయి నిండితే గోడకు, గోడ నిండితే కమాన్లకు. రేపు ఆరదు, ఎల్లుండి ఆరదు, సున్నానికి రేటు రాసుకొచ్చేదాక ఆరనియ్యం. తాపీ ఎట్ల లేపుతరో నేనూ చూస్త."

"సార్ నన్ను..." అన్నాడు, నోట్లో మిర్చీ. మింగాడు. గీత వంక చూశాడు, నా వంక చూశాడు. "మరి నేనేం చెయ్యాలె?"

"నీ పేరే ఉంది గద సైట్ ఇంచార్జి అని. సైట్ కాడ ఉండు." పొట్లం మడిచి అతని చేతిలో పెట్టి, బండి వెనక ఎక్కి కూర్చున్నాను, రెండు చేతులు నా ఒళ్లోనే పెట్టుకొని, అతని నడుం పట్టుకోకుండా. "ముందుగాల మార్కెట్ దిక్కు పోనియ్. పసుపు కొనాలె, మస్తుగ. రేపు పొద్దుగాల బకెట్‌ల పసుపు కలిపి మోసుకొచ్చేది నువ్వే."